పట్టు వేస్తే కుర్చీ దిగాలి

నేను లావుగా ఉంటాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఒక పని తీరిపోతుంది. పదహారేళ్లప్పుడూ లావే, ఇప్పుడూ లావే. మధ్యలో పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లలో తేనె, నిమ్మకాయ కలుపుకుని తాగమన్నవాళ్లున్నారు, రాత్రిపూట అన్నం మానేసి పుల్కాలు తినమన్నవాళ్లున్నారు, మేడ మీద తాడాట ఆడమని తాడు కొనిచ్చిన పిన్ని ఉంది. ఆ తాడు మీద మేం చాలాకాలం బట్టలు ఆరేసుకున్నాం. నాకు తిండి ఇష్టం. నా ఒంటితో నాకు ఏ తగాదా లేదు, తగాదా అంతా చూసేవాళ్లకే.

మాది ఇంకొల్లు దగ్గర పల్లెటూరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప, కొంచెం పొగాకు. చుట్టుపక్కల ఎక్కడ బండలాగుడు పోటీలు జరిగినా మా ఊరి జనం ట్రాక్టర్లెక్కి వెళ్లేవాళ్లు. ఎడ్ల చుట్టూ మూగి, వాటి మెడా మూపురం తడిమి, ఎంత భారీగా ఉంటే అంత మురిసిపోయేవాళ్లు. అదే జనం మా ఇంటికొచ్చి మజ్జిగ తాగుతూ, పిల్లని కాస్త తగ్గించండమ్మా అని మా అమ్మకి సలహా ఇచ్చేవాళ్లు. ఎద్దుకి ఇచ్చిన మర్యాద నాకు ఇవ్వరేమని నాకు నిజంగానే ఒళ్లు మండేది.

ఇంటర్ చదవడానికి నన్ను చీరాలలో మావయ్య ఇంట్లో ఉంచారు. రెండువేల సంవత్సరానికి అటూ ఇటూ రోజులవి. మావయ్య ఇంటి ముందు గదిలో ఎస్టీడీ బూత్ నడిపేవాడు. జనం జేబుల్లోకి సెల్‌ఫోన్లు రావడం చూసి, ఈ బేరం ఎక్కువకాలం నిలవదని పసిగట్టి, పక్క గదిలో రెండు టీవీలూ వీడియో గేమ్ పెట్టెలూ పెట్టాడు. నీలం సున్నం వేసిన గది, ఒక్క కిటికీ, తిరిగినంతసేపూ కిర్రుమనే ఫ్యాను. కాలేజీ నుంచి వచ్చాక బూత్ దగ్గర కూర్చోవడం నా పని. పక్క గదిలోంచి కేకలు వినబడుతుంటే నాకు బూత్ మీద ధ్యాస నిలిచేది కాదు.

అక్కడ అందరూ ఆడేది ఒకటే ఆట. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఒక్కొక్కరి తల పైన ఒక పచ్చగీత ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడల్లా అది తరుగుతుంది, ముందు ఎవరి గీత అయిపోతే వాళ్లు ఓడినట్టు. ఓడినవాడు లేవాలి. గెలిచినవాడు కుర్చీలోనే ఉంటాడు, వరసలో తరవాతివాడు వచ్చి పక్కన కూర్చుంటాడు. చీరాల కుర్రాళ్లందరూ సన్నగా, చురుగ్గా ఉండే బొమ్మల్నే ఎంచుకునేవాళ్లు. ఒకడు ఎగిరెగిరి తన్నేవాడు, ఇంకొకడు దూరంగా నిలబడి అరచేతుల్లోంచి నిప్పు విసిరేవాడు.

ఒక మధ్యాహ్నం మావయ్య భోంచేసి కునుకు తీస్తున్నప్పుడు, గదిలో ఎవరూ లేరని చూసి నేను రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. బొమ్మల వరసలో చిట్టచివర ఒక లావుపాటి కుస్తీ మనిషి నిలబడి ఉన్నాడు. బోడిగుండు, బానపొట్ట, నడుముకి ఎర్ర గుడ్డ. చేతులు కట్టుకుని, ఎవరు పిలుస్తారో చూద్దాం అన్నట్టు నిలబడ్డాడు. అతన్ని ఎవరైనా ఎంచుకోగా నేను అంతవరకు చూడలేదు. నేను ఎంచుకున్నాను. పెద్దాయన అని పేరు పెట్టుకున్నాను.

కుర్రాళ్లతో ఆడతానంటే మావయ్య మొదట ససేమిరా అన్నాడు. మగపిల్లల మధ్య కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారన్నాడు. బూత్‌కి వచ్చేదీ ఆ మగపిల్లలే కదా, వాళ్లతో రోజూ మాట్లాడుతూనే ఉన్నాను కదా అన్నాను. అంటూనే వెళ్లి కూర్చున్నాను. కూర్చోగానే ప్లాస్టిక్ కుర్చీ కాలు పటుక్కుమంది. గదంతా ఒకటే నవ్వులు. నేను లేచి, బూత్‌లోకి వెళ్లి, మావయ్య కూర్చునే ఇనప కుర్చీని ఈడ్చుకొచ్చి టీవీ ముందు వేసుకుని కూర్చున్నాను. ఆ రోజు నుంచి మావయ్య స్టూలు మీద కూర్చున్నాడు, ఆ కుర్చీ నాదైంది.

గుంటూరు యార్డులో మిరపకాయలు కూరిన బస్తాని టిక్కీ అంటారు. పెద్దాయనకి కుర్రాళ్లు పెట్టిన పేరు టిక్కీ. ఆ పేరు ఆయన దగ్గర ఆగకుండా నా దాకా వస్తుందని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. నేను విననట్టు నటించలేదు. టిక్కీని ఎత్తాలంటే నడుం గట్టిగా ఉండాలి, మీ వల్ల కాదులే అన్నాను.

అన్నాను గానీ, ఓడిపోయేది నేనే. పెద్దాయనతో మొదట్లో నరకం చూశాను. నడక నెమ్మది. ఎగిరితే సగంలోనే తన్ని పడేస్తారు. నిప్పులు దాటుకుని దగ్గరికి వెళ్లేలోగా గీత సగం ఖాళీ అయ్యేది. ఆయన బలమంతా ఒక్క పట్టులో ఉంది. చెయ్యి తగిలేంత దగ్గరికి వెళ్లి, రిమోట్ మీద నాలుగు దిక్కుల మీట చుట్టూ బొటనవేలిని ఒక పూర్తి చుట్టు తిప్పి, గుద్దు మీట నొక్కాలి. అప్పుడు ఎదుటివాణ్ని అమాంతం ఎత్తి, తలకిందులు చేసి నేలకేసి కొడతాడు. చేతులు అడ్డం పెట్టి కాచుకుంటే గుద్దులూ తన్నులూ ఆగుతాయి గానీ ఈ పట్టు ఆగదు. చిక్కల్లా ఏమిటంటే, వేలు చుట్టు తిరిగేటప్పుడు పైదిక్కుని తాకక తప్పదు. అది తాకగానే పెద్దాయన పట్టు సంగతి మరిచి గెంతుతాడు. అంత మనిషి ఊరికే గెంతి కిందకి దిగుతుంటే కుర్రాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు.

నాకు రోషం ఎక్కువ. మధ్యాహ్నాలు ఒక్కదాన్నే కూర్చుని, ఎదుటి బొమ్మని పెట్టె చేత ఆడిస్తూ, చుట్టు తిప్పడం తప్ప ఇంకేమీ చేసేదాన్ని కాదు. బొటనవేలికి బొబ్బలెక్కాయి. అన్నం కలుపుకుంటే మంట పుట్టేది. చాలా రోజులకి కిటుకు దొరికింది. ముందు ఒక చిన్న గుద్దు గుద్దాలి. ఆ గుద్దు అయ్యేదాకా పెద్దాయన గెంతలేడు. ఆ కాస్త సందులో వేలు చుట్టు తిప్పేస్తే, చెయ్యి వెనక్కి రాగానే పట్టు పడుతుంది. అది మొదటిసారి కుదిరినప్పుడు ఖాళీ గదిలో లేచి నిలబడి నవ్వాను. మావయ్య నిద్రలోంచి లేచొచ్చి ఏమైందని అడిగాడు.

నిప్పు వస్తే ఎగరడం మానేశాను. కాచుకోవడం, ఒక అడుగు వేయడం, మళ్లీ కాచుకోవడం, ఇంకో అడుగు. కాచుకున్నా గీత కొంచెం తరుగుతుంది, తరగనీ అనుకున్నాను. పెద్దాయన గీత అందరికన్నా నెమ్మదిగా తరుగుతుంది, వాళ్ల బొమ్మలు నాలుగు దెబ్బలకే నీరసపడతాయి. రెండు తిని ఒకటి పెట్టినా నాకే లాభం. ఎదుటివాడు వెనక్కి జరిగి జరిగి తెర అంచుకి ఆనుకునేదాకా నాకు తొందర లేదు. అక్కడ ఇక పారిపోవడానికి చోటుండదు, అప్పుడు చిన్న గుద్దు, చుట్టు, పట్టు. నేను గెలవడం మొదలుపెట్టాను.

వాళ్లందరిలో బాగా ఆడేవాడు బట్టల కొట్టు వాళ్లబ్బాయి. మంచి చొక్కాలు వేసేవాడు, తల చెదిరేది కాదు. నేను పక్కనే ఉన్నా నాతో నేరుగా ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. చెప్పదలచుకున్నది మావయ్యకి చెప్పేవాడు. ఒక సాయంత్రం నా చేతిలో వరసగా ఓడిపోయి, రిమోట్ కింద పెట్టి, మావయ్య వైపు తిరిగాడు.

"అన్నా, ఇది దొంగాట. కొట్టుకునే ఆటలో పట్టుకోవడం ఏంది? మీ మేనకోడలికి చెప్పండి, పట్టు వేసేదైతే మేం ఆడం."

మిగిలినవాళ్లూ అదే మాట అన్నారు. గడియార స్తంభం దగ్గర ఇంకో కొట్టు కొత్తగా పెట్టారు, అక్కడికి పోతామన్నారు. నేను గట్టిగానే వాదించాను. దూరంగా దాక్కుని నిప్పు విసిరితే తప్పు లేదు, ఎదురుగా వచ్చి పట్టుకుంటే తప్పా అని అడిగాను. చెడుగుడులో పట్టుకున్నవాణ్ని ఎవరైనా దొంగ అంటారా అన్నాను. ఇది చెడుగుడు కాదు అని మావయ్యకి చెప్పాడతను. మావయ్య నావైపు చూడకుండా, ఇల్లు గడవాలి కదమ్మా అన్నాడు.

ఆ రాత్రే గోడ మీద సుద్దముక్కతో కొత్త రూలు పడింది: పట్టు వేస్తే కుర్చీ దిగాలి. మావయ్య దస్తూరి ఆయనకే అర్థం కాదు కాబట్టి ఆ రూలు రాసిందీ నేనే. శుక్రవారం శుక్రవారం గది కడిగేటప్పుడు గోడ కూడా తుడుస్తారు, మళ్లీ నన్నే రాయమనేవాడు. నా చేత్తోనే నా నోరు కొట్టించినందుకు మావయ్య మీద చాలాకాలం కోపం పోలేదు. ఆయన పెట్టిన అన్నం తింటూ ఆ కోపం దాచుకోవడం ఇంకా కష్టంగా ఉండేది. వారం వారం అక్షరాలు కొంచెం చిన్నగా రాస్తూ పోయాను.

మిరప కోతలప్పుడు సెలవు పెట్టి ఊరెళ్లాను. కళ్లంలో ఆరబోసిన కాయల పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయల్ని ఏరి వేరుగా పోస్తున్నాం. నా బొటనవేలి బొబ్బ చితికి, ఘాటు తగిలి భగ్గుమంది. ఏమైందని నాన్న అడిగితే మొత్తం చెప్పాను. నాన్నకి వీడియో గేమ్ ఏమిటో తెలియదు గానీ కుర్రతనంలో చెడుగుడు ఆడినవాడు. లావుపాటి మనిషి కాబట్టి ఎప్పుడూ పట్టుకునే వరసలోనే నిలబెట్టేవాళ్లట. అంతా విని, చేతిలో ఉన్న తాలుకాయల్ని పక్క కుప్ప మీదికి విసిరాడు.

"కూత పెట్టుకుంటా వచ్చినోడు మనల్ని చూసి ఎందుకు బెదురుతాడు? పట్టుకుంటామనేగా. పట్టుకోబోమని ముందే రాసిచ్చాక ఇంక వాడికి బెదురేముంది" అన్నాడు. మానేస్తావా అని అడిగాడు. మానను అన్నాను. "అయితే పట్టు లేకుండానే ఆడు. నువ్వు పట్టుకోగలవన్న సంగతి మాత్రం వాళ్లకి గుర్తుంటానే ఉండాల."

చీరాల వచ్చి అలాగే ఆడాను. పట్టు వేయగలిగినంత దగ్గరికి వెళ్లి, వేయకుండా నిలబడేదాన్ని. రూలు గోడ మీద ఉన్నా వాళ్ల వేళ్లకి పాత భయం ఉంది, గభాలున పైకి ఎగిరేవాళ్లు. ఎగిరినవాణ్ని గాల్లోనే ఒకటి వేసేదాన్ని. అయినా ఓడిన రోజులే ఎక్కువ. పట్టు లేని పెద్దాయన సగం మనిషి. ఇంకో బొమ్మని తీసుకోరాదా, సన్నటివాళ్లు ఇంతమంది ఉన్నారు కదా అని మావయ్య సలహా ఇచ్చాడు. పుల్కాలు తినమన్న గొంతే మళ్లీ వినబడింది నాకు. తీసుకోనని చెప్పాను. ఓడితే ఈయనతోనే ఓడతాను, గెలిస్తే ఈయనతోనే గెలుస్తాను అనుకున్నాను.

మధ్యాహ్నాలు మాత్రం నావి. పెట్టెకి మా గోడ మీది రూలు తెలియదు కాబట్టి అది నన్ను పట్టుకునేది, నేను దాన్ని పట్టుకునేదాన్ని. ఆ ఆటలో ప్రతి బొమ్మకీ ఒక్క మీటతో పడే మామూలు పట్టు ఉంటుంది, పెద్దాయన పట్టంత గొప్పది కాదు గానీ మనిషిని కింద పడేస్తుంది. అది పడిన క్షణంలోనే మనమూ అదే మీట నొక్కితే విడిపించుకోవచ్చు. ఇది నాకు ఆ ఖాళీ గదిలో పెట్టె చేత పడీ పడీ అలవాటైంది. మా కొట్టులో ఇంకెవరికీ తెలియదు. పట్టు వేసేవాళ్లే లేనప్పుడు విడిపించుకోవడం ఎవరు నేర్చుకుంటారు?

వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం గుంటూరు కుర్రాళ్లు కొందరు మా కొట్టులోకి వచ్చారు. పొద్దున్నుంచి వాడరేవు సముద్రంలో ఈదులాడి, రైలుకి ఇంకా టైముందని ఊళ్లో తిరుగుతున్నారు. తడి తలలు, కాళ్ల నిండా ఇసుక. వాళ్లలో ఒక ఉంగరాల జుట్టువాడు కూర్చుని, మాలో ఒకడితో ఆట మొదలుపెట్టాడు. పెట్టీ పెట్టగానే దగ్గరికొచ్చి పట్టి పడేశాడు. మావాళ్లంతా ఒక్కసారిగా గోడ చూపించారు. అప్పటికి ఆ అక్షరాలు చాలా చిన్నవైపోయాయి. అతను ముందుకి వంగి, కళ్లు చికిలించి చదివాడు.

"ఇదేం రూలురా? గుంటూర్లో ఇట్టాంటిది లేదే. పట్టు లేకుండా ఎట్టా ఆడతారు మీరు?"

కుర్చీ దిగలేదు. వచ్చినవాళ్లు కొత్త బేరం కాబట్టి మావయ్య గోడ వైపు చూడకుండా చిల్లర లెక్కపెట్టుకున్నాడు. సరే, పట్టు వేసినా గెలుస్తాం అనుకుని మావాళ్లు ఒకరి తరవాత ఒకరు కూర్చున్నారు, ఒకరి తరవాత ఒకరు లేచారు. పట్టు పడితే ఏం చేయాలో ఒక్కడికీ తెలియదు. రిమోట్‌ని రెండు చేతులా ఊపడం, మీటలన్నీ కలిపి నొక్కడం, కింద పడటం. ఆఖరికి బట్టల కొట్టు అబ్బాయి కూడా ఓడిపోయి లేచాడు, తల కాస్త చెదిరింది. బూత్‌లోంచి చూస్తున్న నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. దాచుకోవడం దేనికి, చాలా సంతోషం కలిగింది.

అప్పుడు బట్టల కొట్టు అబ్బాయి బూత్ గుమ్మం దాకా వచ్చి, మొదటిసారి నాతో మాట్లాడాడు.

"నువ్వు ఆడు. పట్టు వేసుకో, ఇవాళ్టికి ఎవరూ ఏమనరు."

"ఇవాళ్టికైతే ఆడను" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. రేపు కూడా వేస్తాను, నీ మీద కూడా వేస్తాను, ఒప్పుకుంటేనే ఆడతానని చెప్పాను. అతను అలవాటుగా మావయ్య వైపు తిరిగాడు. అడిగింది నేను, నావైపు చూసి చెప్పమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. గుంటూరు కుర్రాళ్లు రైలు టైమని గొణుగుతున్నారు. అతను నేల చూపులు చూసి, నావైపు చూసి, సరే అన్నాడు. నేను కూజాలో నీళ్లతో పాత గుడ్డ తడిపి, నేను రాసిన రూలుని నేనే తుడిచేశాను. మావయ్య స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు, వద్దనలేదు.

ఇనప కుర్చీ లాక్కుని కూర్చుని పెద్దాయన్ని ఎంచుకున్నాను. మూడింటిలో రెండు గెలిచినవాళ్లది ఆట. మొదటిది ఓడిపోయాను. ఇన్నాళ్ల ఆకలితో మీద మీదకి వెళ్లి, గెంతి, తన్నులు తిన్నాను. రెండోదానికి ఊపిరి తీసుకుని పాత నడక నడిచాను. కాచుకోవడం, ఒక అడుగు. ఉంగరాల జుట్టువాడు ధీమాగా వచ్చి పట్టాడు, నేను విడిపించుకున్నాను. మళ్లీ పట్టాడు, మళ్లీ విడిపించుకున్నాను. అతను తెర వదిలి నావైపు ఒకసారి చూశాడు. ఆ చూసిన సందులో చిన్న గుద్దు, చుట్టు, పట్టు. పెద్దాయన అతన్ని ఎత్తినప్పుడు మావాళ్లెవరూ దొంగాట అనలేదు. ఆ దెబ్బతో అతని ధీమా పోయింది, రెండోది నాదే.

మూడోదానిలో అతనికి భయం పట్టుకుంది. నేను దగ్గరికి రాగానే పైకి ఎగిరేవాడు, నేను గాల్లో ఒకటి వేసేదాన్ని. నాన్న చెప్పిన బెదురు ఇదే. చివరికి ఎగరడం మాని, తెర అంచున చేతులు అడ్డం పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. పెద్దాయన ముందు అలా నిలబడకూడదు. పట్టి, ఎత్తి, కింద కొట్టాను. గీత అయిపోయింది. అతను నవ్వి, బాగా ఆడావని తల ఊపి, రైలుకి పరిగెత్తాడు.

మావాళ్లు ఈలలు వేశారు, చీరాలా మజాకానా అన్నారు. పొద్దున దాకా దొంగాట, సాయంత్రానికి ఊరి పరువు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. బట్టల కొట్టు అబ్బాయి తల దువ్వుకుని వచ్చి పక్కన కూర్చుని రిమోట్ అందుకున్నాడు. ఆడుతూ ఆడుతూ అలవాటు ప్రకారం చేతులు అడ్డం పెట్టి నింపాదిగా నిలబడ్డాడు, ఇంత జరిగాక కూడా తన మీద వేయననుకున్నాడు కాబోలు. దగ్గరికి వెళ్లాను. చిన్న గుద్దు, చుట్టు. పెద్దాయన అతన్ని తలకిందులుగా ఎత్తి నేలకేసి కొట్టాడు.

ఈలలు ఆగిపోయాయి. గదిలో ఉన్నవాళ్లందరూ, అతనితో సహా, అలవాటుగా గోడ వైపు చూశారు. గోడ ఇంకా తడిగా ఉంది, దాని మీద ఏమీ లేదు. తరవాత అందరూ నావైపు చూశారు. నేను కుర్చీ దిగలేదు.